ఒక వత్తి కాలేంతసేపు

చాంద్రమానం లెక్కన ఏడో నెల, నాలుగో రోజు, సాయంత్రం ఐదున్నర. లూకాంగ్‌లో మా మేనత్త ఆక్వాన్ గారి అగరొత్తుల కొట్టులో, వెనక మూలనున్న కంప్యూటరు తనంతట తాను టైపు కొట్టడం మొదలుపెట్టింది ఆ పూటే.

ఆ మూలకి అప్పటికే చెడ్డపేరుంది. మేనత్త పెద్దకొడుకు జెన్‌చాంగ్ పోయిన చలికాలంలో అక్కడే, ఆర్డర్లు ఎక్కిస్తూ ఎక్కిస్తూ, బల్ల మీద తల వాల్చినవాడు మరి లేవలేదు. ఆ తర్వాత అటు చీపురు పెట్టాలన్నా పనివాళ్ళు జంకేవారు. సందెవేళ దాటితే ఎదురుగా పండ్ల కొట్టావిడ ఆ తలుపు వైపు చూసేదే కాదు. పైగా ఏడో నెల... కింది లోకం తలుపులు తెరుచుకుని, పిడికెడు అన్నం పెట్టే దిక్కులేని వాళ్ళంతా వీధుల వెంట తిరిగే నెల.

నేను ఆ పూట అక్కడ లేను. జెన్‌చాంగ్ తమ్ముడు బోషెంగ్ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మాజు అమ్మవారి మీద ఆన, నా వైపు నుంచి ఒక్క మాట కలపలేదు.

కొట్లో ఉన్నది జెన్‌చాంగ్ భార్య వాన్‌రూ ఒక్కతే. తెర మీద ఎవరిదో ఆర్డరు తెరిచి పెట్టి, అటు తిరిగి కట్టలు కడుతోంది. వీపు వెనక ఏదో వెలుగు కదిలినట్టయింది. తిరిగి చూస్తే—

తెర మీద ఒకే అక్షరం. దాని పక్కన అదే. దాని పక్కన మళ్ళీ అదే. వరస నిండింది... కిందికి దిగింది... ఆ వరసా నిండింది. కీబోర్డు మీద చెయ్యి లేదు. ఒక్క మీటా కదలడం లేదు.

చేతిలో కట్ట అలాగే పట్టుకుని చూస్తూ నిలబడిందట. కాసేపటికి, ఎలా మొదలైందో అలాగే ఆగిపోయింది.

మర్నాడు సందెవేళ మళ్ళీ. ఆ మర్నాడూ.

"నీ మిషన్‌కి ఆకలేస్తోంది వదినా!" అని మొదట్లో బోషెంగ్ నవ్వాడు. మా దగ్గర ప్రతి కంప్యూటరు నెత్తినా ఆకుపచ్చ చిరుతిళ్ళ పొట్లం ఒకటి ఉండాల్సిందే, మాట వింటుందని. అతను పొట్లం తిప్పి చూశాడు. "గడువు దాటిపోయింది. పాచితిండి పెడితే నువ్వు మాత్రం పని చేస్తావా?"

కొత్త పొట్లం పెట్టాడు. సందెవేళ ఆ కొత్త పొట్లం కిందే తెరంతా నిండిపోయింది. బోషెంగ్ నవ్వు అక్కడితో సరి.

వాన్‌రూ మాత్రం వదల్లేదు. వైరస్ పట్టిందేమోనని వెతికించింది. ఇంటర్నెట్ తీగ పీకేసింది. ఆఖరికి కీబోర్డు వైరే ఊడదీసి, కీబోర్డుని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఆనించి కూర్చుంది.

ఒళ్ళో కీబోర్డు... ఎదురుగా తెర మీద, వరస కింద వరస, అక్షరాలు.

సంగతి వీధికెక్కింది. "మొగుడు పిలుస్తున్నాడమ్మా," అంది పండ్ల కొట్టావిడ, మా మేనత్త చెవిలో. "పాపం, లోపలికి రానివ్వట్లేదేమో ఎవరో."

ఆ మాట మేనత్త మనసులో నాటుకుంది. వెళ్ళి మందిరంలోని ల్యావ్ పెద్దాయన్ని పిలుచుకొచ్చింది.

మా మందిరంలో దేవుడు పూనినప్పుడు ఒకాయన కర్ర పట్టుకుని ఇసుకపళ్ళెంలో గీస్తాడు. ఆ గీతలు మనలాంటి వాళ్ళ కళ్ళకి అందవు. పక్కన నిలబడి చదివి చెప్పేది ల్యావ్ పెద్దాయనే. ఆయన చదివిందే మాకు దైవవాక్కు. పెళ్ళిళ్ళు ఆపిందీ ఆయన నోరే, ముహూర్తాలు పెట్టిందీ ఆయన నోరే.

పెద్దాయన ఆ మూల నిలబడ్డాడు. అక్షరాలు పారుతూనే ఉన్నాయి.

"ఒకటే అక్షరం..." అని గొణిగాడు. "గడప దాటలేనివాడు తలుపు కొడతాడే, అలా. దారికి అడ్డంగా ఎవరో కూర్చున్నారు, ఆక్వానమ్మా."

"ఎవరండీ?"

ఆయన పేరు చెప్పలేదు. కంప్యూటరు ముందున్న కుర్చీ వైపు చూశాడు. కుర్చీలో వాన్‌రూ ఉంది.

మా మేనత్త గొంతు పెంచే మనిషి కాదు. నెమ్మదిగానే అంది. "నువ్వొచ్చిన మూడో ఏడే వాడు పోయాడు. ఇప్పుడు వాడి దారికీ నువ్వేనా అడ్డం? పదిహేనో రోజు, వీధిలో అన్నాలు పెట్టే పూజకి నువ్వీ ఇంట్లో ఉండకూడదు, అమ్మాయ్."

"అత్తయ్యా... ఏడాది పూజ అయ్యేదాకా అయినా—"

"అది మేం చేసుకుంటాం."

ఏడాది పూజనాడు పోయినవాడి పేరు, గతించిన పెద్దల పేర్లుండే ఇంటి ఫలకంలో కలుపుతారు. వెలిగించిన అగరొత్తి పట్టుకుని నిలబడాల్సింది భార్య. రేపు ఆమె కాలం తీరాక ఆమె పేరూ ఆ పక్కనే చేరుతుంది. పెళ్ళైన ఆడదానికి పుట్టింటి పీఠం మీద చోటుండదు. మెట్టినింటి ఫలకంలోనూ లేకపోతే, చచ్చాక ఆమెకి గిన్నెడు అన్నం పెట్టే గడపే ఉండదు. ఏడో నెలలో వీధుల వెంట తిరిగేవాళ్ళలో ఆమె కూడా ఒకతె అవుతుంది. వాన్‌రూ అడిగింది కొట్టు కాదు, వాటా కాదు. ఆ గిన్నె.

"అది ఆయన కాదని చూపిస్తే ఉండనిస్తారా?" అంది.

మేనత్త ఆమెను ఎగాదిగా చూసింది. "చూపించు."

పద్నాలుగో రోజు సందెవేళ. కొట్టు తలుపులు మూసి, వాన్‌రూ, బోషెంగ్ ఇద్దరే కూర్చున్నారు. మెట్ల మీద మేనత్త పైకి ఎక్కుతున్న చప్పుడు... తర్వాత అదీ లేదు.

మొదటి అక్షరం పడింది.

ఈసారి వాన్‌రూ మిషన్ జోలికే పోలేదు. అల్మరలోంచి సన్నవత్తి ఒకటి తీసి, వెలిగించి, తెర ముందు నిలబెట్టింది.

"పూజ చేస్తున్నావా దానికి?" బోషెంగ్ గుసగుసగా అడిగాడు.

"ఇది రోజూ ఒకంతసేపే కొడుతోంది బోషెంగ్. ఎక్కువా లేదు, తక్కువా లేదు. అగరొత్తుల ఇంటి కోడల్ని. ఆ సేపు ఎంతో నా ముక్కుకి తెలుసు."

వత్తి కాలుతోంది... అక్షరాలు పారుతున్నాయి. నిప్పు అడుగుకి దిగింది. ఆఖరి బూడిద రాలింది—

అక్షరాలు ఆగిపోయాయి.

వాన్‌రూ బోషెంగ్ వైపు తిరిగి, పెదాలు కదిలీ కదలనట్టు అడిగింది. "ఇంట్లో ఇప్పుడు ఇంకో సన్నవత్తి ఎక్కడ వెలిగింది?"

ఇద్దరూ కప్పు వైపు చూశారు.

పాతకాలపు చెక్క ఇల్లు. సరిగ్గా ఆ మూలకి పైన జెన్‌చాంగ్ గది. అందులో అతని పటం, పటం ముందు బల్ల. మేనత్త రెండు పూటలా వేడన్నం గిన్నె ఆ బల్ల మీద పెట్టి, వత్తి వెలిగించి, వత్తి కాలగానే గిన్నె తీసేస్తుంది. పొద్దున పూట ఎటూ కొట్లో కంప్యూటరు వెయ్యరు.

"నువ్విక్కడే ఉండి తెర చూడు," అని వాన్‌రూ మెట్లెక్కింది.

మేనత్త చేతిలో గిన్నె ఉంది. అప్పుడే ఎత్తింది. "అత్తయ్యా, దాన్ని మళ్ళీ అక్కడే పెట్టండి."

పెట్టింది. "మొదలైంది!" అని కింద నుంచి బోషెంగ్ అరిచాడు.

"తియ్యండి."

"ఆగింది!"

"పెట్టండి."

"వదినా... మళ్ళీ కొడుతోంది!"

బోషెంగ్ రెండేసి మెట్లు ఎక్కుతూ పైకొచ్చాడు. వాన్‌రూ గిన్నె పక్కకి జరిపి, బల్ల మీది పసుపుగుడ్డ ఎత్తింది. కింద జెన్‌చాంగ్ కీబోర్డు. వైరు లేనిది. అంత్యక్రియలనాడు బట్టలతో పాటు కాల్చేశామని అందరూ అనుకున్నదే. దాని సంకేతాలు అందుకునే జోడు ముక్క, గోరంతది, కంప్యూటరు వెనకాల అగరుపొడిలో కూరుకుపోయి అలాగే ఉంది. వైరు పీకిన రోజున కూడా ఎవరి కంటా పడలేదు.

"అమ్మా!" అని బోషెంగ్ పగలబడి నవ్వాడు. "మనింటి దెయ్యం నువ్వేనే!"

వాన్‌రూకి అప్పుడొచ్చింది ఏడుపు. మొగుడు పోయినప్పుడు కూడా ఎవరి ఎదుటా ఏడవని పిల్ల. "చూశారుగా అత్తయ్యా... ఆయన కాదు. మీ గిన్నె బరువుకి మీట నొక్కుకుంది. నేను ఎవరి దారికీ అడ్డం లేను."

మేనత్త నవ్వలేదు. కీబోర్డు మీద పడిన మెతుకుని వేలితో తీసింది.

"నెల మొదట్లో కలలోకి వచ్చాడు," అంది. "వట్టి చేతులు. గాలిలో వేళ్ళు ఆడించాడు. అప్పటిదాకా నా పెట్టెలో దాచుకున్నాను దీన్ని. మర్నాడే తీసి ఇక్కడ పెట్టాను."

"అదే అంటున్నాను—"

"మందిరంలో కర్ర పట్టుకునేది ఎవరమ్మాయ్?"

వాన్‌రూ కళ్ళు తుడుచుకుంది.

"ఎవరు?"

"...మనిషే."

"రాసింది ఆ మనిషేనని ఎప్పుడైనా ఎవరైనా అన్నారా?"

మేనత్త ఆ మెతుకుని పటం ముందు పెట్టింది.

"మంటలో వెయ్యకుండా నా చేత ఆపించింది వాడు. కలలోకి వచ్చి ఇక్కడ పెట్టించింది వాడు. గిన్నె మోసింది నా చెయ్యి." మేనత్త గొంతు జోలపాట పాడేదానిలా ఉందట. "చెయ్యి నాదే. రాసింది వాడు. పొద్దున్నే బయల్దేరు. పూజకి ముందే."

వాన్‌రూ బోషెంగ్ వైపు చూసింది. బోషెంగ్ కీబోర్డు వైపు చూశాడు. అన్న పోయాక ఆ కొట్టు ఇద్దరిది. వదిన వెళ్తే ఒక్కడిది. తెర ఆర్పి వస్తానని కిందికి దిగిపోయాడు.

రాత్రి, ఇల్లు మాటుమణిగాక, వాన్‌రూ మెట్ల మీద అతన్ని ఆపి అరచేతిలో ఏదో పెట్టింది. చల్లగా తగిలాయి. రెండు చిన్న బ్యాటరీలు, పైగదిలోని కీబోర్డువి.

"నీ దగ్గరుంచు," అంది. "రేపు తెర ఖాళీగా ఉంటే ఎందుకో... ఈ ఇంట్లో ఒక్కరికైనా తెలిసుండాలి."

పదిహేనో రోజు ఉదయం పండ్ల కొట్టు తెరవక ముందే, చేతిసంచీతో ఆమె వెళ్ళిపోయింది. మేనత్త గడప మీద నీళ్ళు చల్లి కడిగింది. చేతులు శుభ్రం చేసుకుని అన్నం వండింది. బోషెంగ్‌ని ఆ పొద్దున్నే కంప్యూటరు వెయ్యమని, తను పైకెళ్ళి, పసుపుగుడ్డ సరిచేసి, గిన్నె ఎప్పటిచోటే పెట్టింది.

వత్తి కాలేంతసేపూ ఇద్దరూ ఎదురుచూశారు. పైన తల్లి, కింద కొడుకు.

"ఏమైనా రాశాడా?" పైనుంచి మేనత్త గొంతు.

"లేదమ్మా."

"ఒక్క అక్షరం కూడానా?"

"లేదు."

పైన పెద్ద నిట్టూర్పు వినిపించింది. నెమ్మదిగా ఏడుస్తోంది, సంతోషంతో. "దారి తెరుచుకుంది నాన్నా... తృప్తి పడ్డాడు. ఇక లేచి వీధిలో బల్ల వెయ్యి. దిక్కులేని వాళ్ళకి అన్నం పెట్టే వేళయింది. ఇవాళ ఒక గిన్నె ఎక్కువే పెడదాం."

బోషెంగ్ చొక్కా జేబులో రెండు బ్యాటరీలూ ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. జేబు మీద చెయ్యి అదిమిపెట్టి, బల్ల మోసుకుని వీధిలోకి నడిచాడు.