వార్నా రేవులో పన్నెండు కాలేదు

స్టోయ్కో భార్య నెవెనను చంపింది శత్రువుల బాంబు కాదు, అతను పనిచేసే గూఢచారి ఆఫీసు వాళ్ల బద్ధకం. కరెంటు పోయి వచ్చాక, హెచ్చరికలు పంపే కంప్యూటర్ గడియారం గంట వెనకబడింది. కరెంటు లేనప్పుడు టైము నిలిపే లోపలి బొత్తాం బ్యాటరీ చచ్చిందని తెలిసీ ఎవడూ మార్చలేదు. హెచ్చరిక వెళ్లేసరికి ఆమె ఎక్కిన బస్సు పేలిపోయింది.

ఇప్పుడు అదే ఆఫీసు అతన్ని బల్గేరియాలోని వార్నా రేవుకు పంపుతోంది.

"విదేశీ ముఠా," అన్నాడు మేజర్ కల్చెవ్. "శీతల గిడ్డంగిలో వాళ్ల కంప్యూటర్ ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి అమ్మోనియా వాల్వులు తెరుస్తుంది. పక్కనే ఓడ దిగే జనం ఆరొందలు. కరెంటు తీసేస్తే అర నిమిషంలో వాల్వులు వాటంతటవే తెరుచుకుంటాయి. రీబూట్ అయినప్పుడల్లా దాని గడియారం తప్పు చూపిస్తోందట. బాగుచెయ్యడానికి పిలిచిన మెకానిక్‌వి నువ్వే. బాగుచెయ్యకు. లోపల మన ఏజెంట్ ఇలీనా ఉంది. కోడ్ మాట బోజా, మనం తాగే పులిసిన చిరుధాన్యాల పానీయం."

"బ్యాటరీల సంగతి మీకిప్పటికి తెలిసొచ్చింది," అన్నాడు స్టోయ్కో.

పిడిలో కత్తి దాచిన స్క్రూడ్రైవర్‌ను పనిముట్ల పెట్టెలో పెట్టి, కల్చెవ్ అతని ముందుకు తోశాడు.

గిడ్డంగిలో ఇలీనా ఎర్ర కోటులో వెలిగిపోతోంది.

"ఇక్కడ బోజా దొరుకుతుందా, అమ్మాయ్?"

"ఎండలకు పులిసిపోయింది, బాబాయ్."

స్టోయ్కో పెట్టె విప్పి, పాత బ్యాటరీనే తుడిచి పెట్టాడు. ముఠా నాయకుడు వాల్టర్ తన చేతివాచీ చూసి టైము సరిచేశాడు. పదకొండు యాభై ఎనిమిది.

"ఇక టైము తప్పదుగా? బాగైందా?"

అవునని అబద్ధం చెప్పాలనుకున్నాడు స్టోయ్కో. అలవాటు కొద్దీ మెడ నిజం చెప్పేసింది. తల పైకీ కిందికీ ఊగింది. వాల్టర్ సంతోషించాడు.

ఇలీనా పకపకా నవ్వింది. "ఇన్నేళ్లున్నా మా తలకాయలు నీకర్థం కాలేదు, వాల్టర్! అలా ఊపితే మా దగ్గర కాదని. ఈ ముసలాడు ఆఫీసు మనిషి."

ఎప్పుడో ముఠాకు అమ్ముడుపోయిన ఆమె పేల్చిన గుండు స్టోయ్కో భుజం చీల్చింది. అతను స్క్రూడ్రైవర్ మీట నొక్కాడు. పిడిలోంచి దూసుకొచ్చిన కత్తి వాల్టర్ గొంతులో దిగింది. రెండో గుండు అతను అడ్డం లాగిన వాల్టర్ శవానికే తగిలింది. స్టోయ్కో కంప్యూటర్ మూతతో ఆమె మణికట్టు విరగ్గొట్టాడు. జుట్టు పట్టి తలను ఇనుప పైపుకేసి కొట్టాడు. ఆమె కదలడం మానేదాకా కొట్టాడు.

పన్నెండుకు పది సెకన్లు.

ప్లగ్గు పీకాడు. నెత్తుటి వేలితో బ్యాటరీ ఊడబెరికాడు. మళ్లీ ప్లగ్గు పెట్టి స్విచ్ నొక్కాడు. తెర నల్లగానే ఉంది. వాల్వు బుస్సుమంది, ఘాటు ముక్కుకెక్కింది. అప్పుడు తెర వెలిగింది: ఏనాటిదో జనవరి ఒకటి, అర్ధరాత్రి. వాల్వు మూసుకుంది. దాని లెక్కలో ఈ రోజు రావడానికి ఇంకా పదిహేనేళ్లుంది.

బయట జనం పెట్టెలు మోసుకుంటూ, టాక్సీల కోసం తిట్టుకుంటూ దిగుతున్నారు.

ఆసుపత్రికి కల్చెవ్ పూలు తెచ్చాడు. "పతకం ఇస్తారట. సభలో నెవెన గురించి నాలుగు ముక్కలు చెప్తే..."

"పూలు పట్టుకుపో. ఆమె పేరు నీ నోట మళ్లీ రావద్దు. నా నోటా రాదు."

స్టోయ్కో గోడవైపు తిరిగి పడుకున్నాడు.