వెర్బ్ అంటే వణకని మనిషి

"నౌన్ అంటే ఏమిటి, సన్యాసిరావుగారూ?"

కుర్చీలో కూర్చున్న లైన్‌మన్ సన్యాసిరావుకి ముచ్చెమటలు పట్టాయి. పదకొండు వేల వోల్టుల తీగలతో కాపురం చేసే మనిషండీ! నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. డాక్టర్ ముక్తేశ్వరి మీట తిప్పింది. అతని తలకు కట్టిన పట్టీలో పచ్చదీపం వెలిగింది.

"ఎ నౌన్ ఈజ్ ద నేమ్ ఆఫ్ ఎ పర్సన్, ప్లేస్ ఆర్ థింగ్!"

ఇంక ఆగితే ఒట్టు. ప్రొనౌన్, వెర్బ్, యాడ్వెర్బ్, ప్రిపొజిషన్, ఒక్కోదానికీ ఉదాహరణ చెప్పుకుంటూ పోయి, ఇంటర్జెక్షన్ దగ్గర "హుర్రే!" అని తనే గంతేశాడు.

ఇందులో మంత్రమూ లేదు, మాయా లేదు. ఆ యంత్రం ఎవరికీ ఏమీ నేర్పదు. బళ్ళో చదివిన గ్రామర్ బుర్రలోనే ఉంటుంది. టెన్స్ తప్పినప్పుడు పడిన బెత్తం దెబ్బా, క్లాసంతా నవ్విన నవ్వూ కూడా అక్కడే ఉంటాయి. ఇంగ్లీషు ముక్క బయటికి రాబోతుంటే ఎమిగ్డలా అనే బాదంగింజంత భాగం కంగారుపడి నాలుకను కట్టేస్తుంది. ముక్తేశ్వరి పట్టీ దాన్ని జోకొడుతుంది, అంతే. పట్టీ విప్పినా, మీట వెనక్కి తిప్పేదాకా అది నిద్ర లేవదు.

ఏటా ప్రమోషన్ కోసం ఇంగ్లీషులో జరిగే ఇంటర్వ్యూలో నీళ్ళు నమిలే సన్యాసిరావు ఈసారి లైన్ ఇన్‌స్పెక్టర్ అయిపోయాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే అతని భార్య రవణమ్మ వణుక్కుంటూ ల్యాబుకి వచ్చింది.

"మేడమ్‌గారూ, ఆ ఇంగ్లీషు మాకొద్దు. మా ఆయన భయం మాకిచ్చేయండి."

"ఏమైందమ్మా?"

"లైను ఆపించకుండా స్తంభం ఎక్కేస్తున్నాడు! ఇన్‌స్పెక్టరుకి ఎక్కే పనే లేదు. ఒకటికి రెండుసార్లు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసిగానీ నిచ్చెన ముట్టని మనిషి! ఏటయ్యా ఇది అంటే నవ్వుతాడు."

ముక్తేశ్వరికి అప్పుడు వెలిగింది. ఎమిగ్డలాకి గ్రామరూ కరెంటూ వేరని ఎవరు చెప్పారు? జోకొడితే అన్ని భయాలూ కలిసే నిద్రపోతాయి. ఇంత చదువుకున్న మనిషికి ఆ సంగతి ముందే తట్టలేదు, ఖర్మ!

వెంటనే సన్యాసిరావుకి ఫోన్ చేసింది. "ఒక్కసారి రండి. మీట వెనక్కి తిప్పితే మీ భయం మీకొచ్చేస్తుంది."

"ఎందుకు మేడమ్? భయం లేకపోతే ఏమవుతుందో అని భయపడాలన్నా, నాకు భయం లేదు కదా!" పకపకా నవ్వి ఫోన్ పెట్టేశాడు.

రవణమ్మ కుర్చీలో కూలబడింది. "నేను ఫోన్లో ఏడ్చి కేకేస్తేనే దిగుతున్నాడు, ఇంకెవరి మాటా వినడు. పొద్దస్తమానం ఫోను పట్టుకునే కూర్చుంటున్నాను. ముద్ద దిగట్లేదు, ఆయనకంటే ముందు నేనే పోయేలా ఉన్నాను. ఆ పట్టీ నాకూ పెట్టండమ్మా, కాస్త ఊపిరి పీల్చుకుంటాను."

వద్దనాల్సింది. కానీ ఆ ముఖం చూసి ముక్తేశ్వరి తట్టుకోలేకపోయింది. కాసేపే కదా, మళ్ళీ వెనక్కి తిప్పేద్దాం అనుకుంది. పచ్చదీపం వెలిగింది. రవణమ్మ ముఖం తేటపడింది.

పట్టీ విప్పుతుండగానే రవణమ్మ ఫోన్ మోగింది. సన్యాసిరావు కింద పనిచేసే కుర్రలైన్‌మన్ అరుస్తున్నాడు. గదంతా వినిపించింది.

"వదినా! అన్న మార్కెట్ దగ్గర స్తంభం ఎక్కేశాడు, లైన్లో కరెంటుంది! సబ్‌స్టేషన్‌లో ఫోనెత్తట్లేదు. స్పీకర్లో పెడతాను, తొందరగా కేకెయ్యి!"

"ఆయనకేం కాదులే, బాబూ," అంది రవణమ్మ. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని హాయిగా నవ్వింది. "మేడమ్‌గారూ, ఎన్నాళ్ళకో ఆకలేస్తోంది. ఇక్కడ టిఫిన్ ఎక్కడ దొరుకుతుంది?"

ముక్తేశ్వరి ఆ ఫోన్ లాక్కుంది. గొంతు చించుకుని అరిచింది.

"సన్యాసిరావుగారూ! దిగండి! మీకు దణ్ణం పెడతాను, దిగండి!"

ఫోన్లో ఎక్కడో పైనుంచి అతని గొంతు ఖంగుమని వినిపించింది, తప్పులేని ఇంగ్లీషులో. "డోంట్ బి అఫ్రెయిడ్, మేడమ్!"

"నిజమేనండీ, ఊరికే కంగారుపడకండి," అంటూ రవణమ్మ ఆవిడ భుజం తట్టింది.