రెండు గంటల తలుపు

"జాబితాలో ఏడు పేర్లున్నాయి. చివరిది చదువు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ తొమ్మిది చదివాడు. అది అతని సొంత చెల్లెలి పేరు. పరాయి దేశంలో ఏదో సబ్బుల కంపెనీలో టైపిస్టుగా ఉందని ఇంటిల్లిపాదీ నమ్ముతున్న చెల్లెలు. తొమ్మిదీ ఇంతకాలం అదే నమ్మాడు. అన్నయ్య ఊరూరా తిరిగి మంటలార్పే సిలిండర్లు అమ్ముకుంటున్నాడని ఆమె నమ్ముతోంది. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరు గూఢచారులు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు! డిపార్ట్‌మెంట్ అంటే మరి అలాగే ఉంటుంది.

"మన ఏజెంట్ల ఈ పేర్లు విదేశీ ముఠా చేతికి చిక్కాయి," అన్నాడు చీఫ్. "ఈ ఊళ్ళోనే పైకి మామూలు ఆఫీసు నడుపుతున్నారు, దాని మూడో అంతస్తు రికార్డు రూములో వాళ్ళ మిషన్ ఉంది. సరిగ్గా పన్నెండింటికి అది దానంతటదే జాబితాను సరిహద్దు దాటిస్తుంది. సాయంత్రానికి ఏడుగురిలో ఒక్కరూ మిగలరు."

"లోపలికి ఎలా వెళ్ళాలి సార్?"

"ఇవాళ ఆ ఆఫీసులో ఫైర్ సేఫ్టీ ట్రైనింగ్. ట్రైనర్‌వి నువ్వే. ఎర్ర సిలిండరు మోయడం నీకు అలవాటేగా! లోపల మన మనిషి ఒకామె ఉంది. కోడ్‌నేమ్ చిలక." చీఫ్ ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. "కార్లో చదువుకో. నలభై పేజీలే."

పదకొండింటికి తొమ్మిది ఎర్ర టోపీ పెట్టుకుని ముప్ఫైమంది గుమాస్తాల ముందు నిలబడ్డాడు. మంట నెత్తిన కాదు, మొదట్లో కొట్టాలని చెప్పాడు. లిఫ్టు ఎక్కొద్దన్నాడు. సగంమంది ఆవులించారు. ఒకాయన చెయ్యెత్తి, టీ ఎప్పుడిస్తారండీ అని అడిగాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉందనుకున్నాడు తొమ్మిది.

పాఠం అయిపోయాక హీల్స్ టకటకలాడించుకుంటూ మేనేజర్ మేడమ్ వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, మెడలో సన్నని గొలుసు, గది అంతా సెంటు.

"మీ సిలిండర్ బరువెంతండీ?"

"మోసేవాడిని బట్టండీ."

కోడ్ కుదిరింది. చిలక ఈమే.

పదకొండూ నలభైకి డ్రిల్ సైరన్ మోగింది. గుమాస్తాలందరూ బిలబిలమంటూ మెట్లు దిగిపోయారు. చిలక తొమ్మిదిని సిలిండరుతో సహా రికార్డు రూముకి తీసుకెళ్ళింది. కిటికీలు లేని గది, ఒక మూల స్టీలు బోను, అందులో మిషన్. గుమ్మానికి మందపాటి ఫైర్ డోర్, వెనక గోడకు ఇంకో చిన్న తలుపు. తొమ్మిది బోను వైపు అడుగేశాడో లేదో, వెనక నుంచి చిన్న పిస్తోలు క్లిక్కుమంది.

"రెండు జీతాలు తీసుకుంటున్నాను," అంది చిలక. "వాళ్ళదే ఎక్కువ."

వరండాలో కిరోసిన్ పోసిన కాగితాల కట్టలు ముందే సిద్ధంగా ఉన్నాయి. లైటరు వెలిగించి విసిరింది. భగ్గుమంది. ఫైర్ డోర్ దానంతటదే వచ్చి మూసుకుంది.

"తుపాకీ దెబ్బ కనబడితే పోలీసులొస్తారు. డ్రిల్‌లో ట్రైనర్ కాలిపోతే పేపర్లో నాలుగు లైన్లొస్తాయి. వెనక తలుపుకి బయట గడియ పెట్టేస్తాను. వస్తానండీ!"

వెనక తలుపు దగ్గరకెళ్ళి గడియ తీసి లాగింది. ఎదురుగా ఇటుకల గోడ. సిమెంటు ఇంకా తడిగానే ఉంది.

ఆ దారిన ఎవరైనా రహస్యాలు మోసుకుపోతారేమోనని ముఠా బాస్ నిన్ననే గుట్టుగా గోడ కట్టించాడు. గుట్టు కాబట్టి చిలకకీ చెప్పలేదు. తాను తవ్విన గోతిలో తానే పడిందామె. తొమ్మిదికి నవ్వు రాబోయి ఆగిపోయింది, ఎందుకంటే ఆ గోతిలో అతనూ ఉన్నాడు. టైము పదకొండూ నలభై ఆరు.

ఇద్దరూ కేకలు పెట్టారు. కింద గుమాస్తాలు పైనుంచి వస్తున్న పొగ చూసి చప్పట్లు కొడుతున్నారు, డ్రిల్ అంటే ఇలా ఉండాలని.

గది వేడెక్కింది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. తన ప్రాణం కన్నా చెల్లెలి ప్రాణం గురించే అతను ఎక్కువ భయపడ్డాడు. బోను తాళంచెవి చిలక మెడలో ఉంది, పిస్తోలు ఆమె చేతిలో ఉంది. టైము యాభై మూడు.

అప్పుడు ఫైర్ డోర్ అంచు నుంచి నల్లటి నురగలాంటిది ఉబ్బుకుంటూ బయటికొచ్చింది.

"ఏంటది?" చిలక వెనక్కి గెంతింది.

అదేమిటో కార్లో చదివిన పుస్తకం పందొమ్మిదో పేజీలో ఉంది. తలుపు అంచున ఒక పట్టీ ఉంటుంది. వేడి తగలగానే ఉబ్బి సందులన్నీ మూసేస్తుంది, పొగ లోపలికి రాదు. తలుపు రెండు గంటలు నిలుస్తుంది. తొమ్మిది ముఖం పాలిపోయినట్టు పెట్టాడు.

"తలుపు కరిగిపోతోందండీ. మహా అయితే ఐదు నిమిషాలు."

"అయ్యో! ఏదో ఒకటి చెయ్యవయ్యా! ట్రైనర్‌వేగా నువ్వు!"

"బోను వెనక గాలి గొట్టం ఉంది, మనిషి పడతాడు. పొద్దున బిల్డింగ్ ప్లాన్‌లో చూశాను. బోను తెరిస్తేనే దారి."

ప్లాన్‌లో ఉన్నది ఎలుక కూడా ఆలోచించి దూరాల్సిన గొట్టం. చిలక తలుపు వైపు చూసింది, నురగ ఇంకో వేలెడు ఉబ్బింది. గొలుసు తెంపి తాళం తీసింది. టైము యాభై తొమ్మిది దాటింది.

"గొట్టమేదీ?" అంటూ ఆమె వంగింది. తొమ్మిది సిలిండర్ పిన్ను లాగి ముఖాన పొడి కొట్టాడు. పిస్తోలు పేలింది, పైకప్పు పెచ్చు రాలింది. అతను బోనులోకి చెయ్యి దూర్చి దొరికిన వైర్లన్నీ పీకేశాడు. మిషన్ మీద తగ్గుతూ వస్తున్న సెకన్ల అంకె నాలుగు దగ్గర ఆరిపోయింది.

తొమ్మిది పిస్తోలు తీసుకుని గోడకు చేరగిలబడ్డాడు.

"కూర్చోండి మేడమ్. ఈ తలుపు రెండు గంటలు ఆగుతుంది. ఈలోగా కింద తలలు లెక్కపెడతారు, మీరు తగ్గారని ఫైరింజన్ పిలుస్తారు. ట్రైనింగ్‌కి వచ్చుంటే మీకూ తెలిసేది."

తెల్లగా పొడి పట్టిన ముఖంతో ఆమె కూర్చుంది. ఒంటిగంటకు తలుపు తెరుచుకుంది.

సాయంత్రం తొమ్మిది చెల్లెలికి ఫోన్ చేశాడు.

"ఏంటన్నయ్యా, గొంతు అలా ఉంది?"

"పొగ పట్టిందమ్మా. ఓ ఆఫీసులో సిలిండర్ వాడకం చూపించాను."

"ఆ మంటల పని మానెయ్. నాలాగా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం చూసుకోరాదూ?"

ఆమె గొంతు వింటుంటే తొమ్మిదికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "చూస్తానమ్మా. మీ ఆఫీసులో ఖాళీలుంటే చెప్పు."

అటువైపు కుర్చీ కిర్రుమంది.

"మా దగ్గరా? వద్దులే అన్నయ్యా," అంది చెల్లెలు. "ఇక్కడ ఏమీ జరగదు. నీకు నిద్రొస్తుంది."