హోల్‌కమ్ మడుగులో నిలబడ్డవాడు

సారెల్ నదిలో ఎన్ని మడుగులున్నా, హోల్‌కమ్ మడుగుకున్నంత చెడ్డపేరు ఇంకోదానికి లేదు.

పగలు చూస్తే ఏమీ ఉండదు. రెండు మంచుకొండల మధ్య నది ఒక్కసారి వంపు తిరిగి, నల్లగా, చప్పుడు లేకుండా నిలుస్తుంది. ఒడ్డున పాత పశువుల కంచె, ఒరిగిపోయిన గుంజలు. జనవరిలో నది అంతా అంచుల నుంచి గడ్డకట్టుకుంటూ వస్తుంది గానీ ఆ మడుగు మాత్రం గడ్డకట్టదు. అడుగున వెచ్చటి ఊట ఉందని కొందరంటారు. కాదు, అడుగున హోల్‌కమ్ ఉన్నాడని మిగతావాళ్ళంటారు.

హోల్‌కమ్ మా తాతల కాలం నాటివాడు. చలికాలంలో ట్రౌట్ చేపలు పట్టడంలో ఆయన్ని మించినవాడు లేడట. నోట్లో చుట్ట ఆరకుండా నడుము లోతు నీళ్ళలో నిలబడేవాడట. నువ్వుగింజంత గాలానికి ఈకా దారం చుట్టి చేసిన దొంగ ఈగని, చేపకి అనుమానం రాకుండా నీళ్ళమీద వాలనిచ్చేవాడట. ఒక సాయంత్రం దిగాడు... మళ్ళీ ఒడ్డెక్కలేదు. అప్పట్నుంచీ చీకటిపడే వేళ ఆ మడుగులో ఒకడు అటు తిరిగి నిలబడి ఉంటాడని, పిలిస్తే పలకడని చెప్పుకుంటారు.

అందుకే మా లోయలో ఒక అలవాటుంది. పొద్దువాలాక ఆ దారిన పోవాల్సి వస్తే కంచె గుంజకి అలాంటి దొంగ ఈగ ఒకటి గుచ్చి, నీళ్ళవైపు చూడకుండా పోవాలి. అది హోల్‌కమ్ వాటా.

నిరుటి చలికాలం ఆ మడుగు పేరు మరీ మారుమోగింది. ఒహాయో నుంచి గాలం వేసుకోవడానికి ఒంటరిగా వచ్చిన గ్లెన్ ఎబర్లీ అనే బడిపంతులు కనబడకుండా పోయాడు. పైన వంతెన దగ్గర మంచులో కూరుకుపోయిన అతని కారు చాలా రోజులకి బయటపడింది. మంచు కరిగాక ఎక్కడో దిగువన శవం దొరికింది. ఒక కాలికి బూటు లేదు. ఈ నది బూట్లూ టోపీలూ ఊడలాక్కోవడం మామూలే. వంతెన కింద మంచు అంచు విరిగి పడిపోయి ఉంటాడని షెరీఫ్ తేల్చాడు. హోల్‌కమ్‌కి తోడు కావలసొచ్చిందని ఊరు తేల్చింది.

ఊరు అలా తేల్చడానికి కారణం ఓరిన్. అదే చలికాలంలో అతను హోల్‌కమ్‌ని కళ్ళారా చూశాడు.

ఓరిన్ రోడ్లమీద మంచు తోసే బండి నడిపి రిటైరయ్యాడు. భార్య పోయాక అతనికి గాలమూ, బెర్నీస్ హోటలూ తప్ప లోకం లేదు. ఆ హోటల్లో కూర్చుని ఏడాది పొడుగునా ఈ కథే చెప్పాడు. నడుము లోతులో అటు తిరిగి నిలబడ్డాడనీ, మెల్లగా తల ఇటు తిప్పాడనీ, నోట్లోంచి చుట్ట పొగ వచ్చిందనీ, ఆ వాసన తన ముక్కుకి గుప్పున కొట్టిందనీ చెప్పేవాడు. అక్కడ ఆగి కాఫీ ఒక గుక్క తాగేవాడు. వినేవాళ్ళ చేతుల్లో చెంచాలు ఆగిపోయేవి. అప్పుడు గొంతు తగ్గించి అనేవాడు —

"చెయ్యెత్తి... నన్ను పిలిచాడు."

కొత్తవాళ్ళెవరొచ్చినా ఆ కథ చెప్పించుకునేవాళ్ళు. బెర్నీస్ చేసే పళ్ళ తీపిరొట్టె ముక్క ఒకటి ఉత్తినే వచ్చేది. నిజం చెప్పాలంటే మేమందరం ఆ కథ తిని బతికాం.

ఈ ఏడు బెర్నీస్ ఒక మాట అంది. కాఫీ పోస్తూ, నవ్వుతూనే అంది. "ఏడాదిగా ఆ మడుగు పేరు చెప్పి నా తీపిరొట్టెలన్నీ తిన్నావు ఓరిన్. అందులో ఒక్క చేపైనా పట్టావా?"

హోటలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు డెల్. గుర్రాలకి లాడాలు కొట్టే డెల్, ఓరిన్ పక్కింటివాడు, చిన్నప్పటి నుంచీ నేస్తం. అదే ఓరిన్‌ని ఎక్కువ పొడిచింది.

మర్నాడు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు. తీరా భయపడి తిరిగొస్తే నవ్వులపాలు కాకూడదని, బండిని కూడా రోడ్డుకి కనబడకుండా పాడుబడ్డ గడ్డికొట్టం వెనక పెట్టాడు. ఎండ ఉంది. ఎండలో దెయ్యాలకేం పని అనుకున్నాడు. చలికాలంలో ట్రౌట్‌లు కదిలేది కూడా ఆ కాసేపే.

నీళ్ళలో దిగాక భయం అదే పోయింది. ఛాతీదాకా వచ్చే రబ్బరు లాగు వెచ్చగానే ఉంది. గాలపు కర్రకి దారం పోయే వలయాల్లో మంచు పేరుకున్నప్పుడల్లా కర్రని నీళ్ళలో ముంచి విదిలించాడు. కాసేపటికి దారం చిన్నగా ఆగింది. చెయ్యి పైకెత్తాడు. గోధుమరంగు ట్రౌట్... మోచేయంత ఉంది. ఆ చలిలో చేపని గాల్లోకి ఎత్తితే దాని మొప్పలు గడ్డకట్టుకుపోతాయి. అందుకని నీళ్ళలోనే గాలం విప్పి, దాని వీపు ఒకసారి నిమిరి వదిలేశాడు.

పట్టాడు. ఇక ఇంటికి పోవచ్చు.

ఇంకొక్కటి అనుకున్నాడు. గాలం పట్టినవాళ్ళందర్నీ చెడగొట్టే మాట అదే. ఒక అడుగు ముందుకి వేశాడు. కుడికాలు రెండు బండల మధ్యకి దిగింది — దిగి, మెలి తిరిగింది.

లాగాడు. రాలేదు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత విసుగొచ్చింది. అటు తిప్పి, ఇటు తిప్పి, రెండో కాలు తన్నిపెట్టి లాగాడు. బండలు బూటుని పళ్ళ మధ్య పట్టుకున్నట్టు పట్టుకున్నాయి. వంగి బూటు తాడు విప్పుదామంటే నీళ్ళు పైనుంచి రబ్బరు లాగులోకి దిగుతాయి. అది నిండితే ఇక మనిషి నిలబడలేడు. కర్ర మొదలుతో బండని ఎత్తబోయాడు. కర్ర ఫట్‌మని విరిగి, వంపు తిరిగి, కొట్టుకుపోయింది.

అప్పుడు భయమేసింది.

అరిచాడు. మడుగు నిశ్శబ్దంగా ఉంటుంది గానీ దాని దిగువన నది రాళ్ళమీద పడి హోరెత్తుతుంది. ఆ హోరులో మనిషి గొంతు ఎంత? అయినా గొంతు పగిలేదాకా అరిచాడు. తనిక్కడున్నట్టు ఎవరికీ తెలియదు. తెలియకుండా చేసుకుంది తనే. కొట్టం వెనక పెట్టిన బండి గుర్తొచ్చి తన్ను తానే తిట్టుకున్నాడు.

మా దగ్గర చలికాలంలో పొద్దు వాలదు, కొండ వెనక్కి పడిపోతుంది. ఒక్కసారిగా నీళ్ళు నల్లబడ్డాయి. తడిసిన కోటు చేతులు బిరుసెక్కి రేకుల్లా అయ్యాయి. దవడ బిగుసుకుపోయింది. కుడికాలు ఉందో లేదో తెలియడం లేదు.

అప్పుడు వినబడింది... వెనక ఒడ్డుమీద, మంచుమీద అడుగుల చప్పుడు.

నడుము మెలితిప్పి చూశాడు. డెల్! పై మడుగుల్లో గాలం వేసుకుని ఇంటికి పోతున్నాడు. బతికాననుకున్నాడు ఓరిన్. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

డెల్ నీళ్ళలో ఉన్న మనిషిని చూసి ఆగాడు. ఆగి, రెండడుగులు వెనక్కి వేసి, కంచె అవతలకి తప్పుకున్నాడు. అది మా గాలాలవాళ్ళ మర్యాద. ఒకడు దిగిన మడుగు అతను ఒడ్డెక్కేదాకా అతనిదే. మాట్లాడకుండా, నీడైనా నీళ్ళమీద పడకుండా వెనకనుంచి తప్పుకుపోవాలి. ఓరిన్ కూడా బతుకంతా అదే చేశాడు. ఆ దిక్కుమాలిన మర్యాదని ఇప్పుడు నోరారా తిట్టాలనిపించింది.

"డెల్..."

పేరు రాలేదు. ఆవిరి వచ్చింది.

ఇక చేసేది లేక, కర్రలా అయిపోయిన చెయ్యి బలవంతాన పైకెత్తాడు.

డెల్ మొహం ఆ మసక వెలుతురులో కూడా తెల్లబడటం కనిపించింది. చెయ్యి ఎందుకెత్తానా అని అప్పుడు తోచింది ఓరిన్‌కి. చీకటిపడే వేళ... నడుము లోతులో... నోట్లోంచి పొగ... ఎత్తిన చెయ్యి. ఈ కథని డెల్‌కి నూరిపోసింది తనే.

"నా జోలికి రాకు హోల్‌కమ్," అని గొణిగాడు డెల్. "నేనెప్పుడూ నీ మడుగులో దిగలేదు... ఎప్పుడూ దిగలేదు..."

టోపీకున్న ఈగ పీకి గుంజకి గుచ్చాడు. ఇంకోటి పీకి అదీ గుచ్చాడు. డెల్ ఒట్టి పిసినారి. రెండు గుచ్చాడంటే ఎంత హడలిపోయాడో ఓరిన్‌కి అర్థమైంది. చచ్చినవాడికిచ్చే వాటా తనకిచ్చి, ప్రాణనేస్తం వెనక్కి చూడకుండా మంచులో పడుతూ లేస్తూ పరిగెత్తడం, తను అలాగే నిలబడి చూశాడు. ఏడుద్దామన్నా గొంతు లేదు.

తర్వాత చీకటి.

ఎంతసేపో తెలియదు. వణుకు ఆగిపోయింది. చలి కూడా వెయ్యడం లేదు, హాయిగా ఉంది. అది చావుకి ముందొచ్చే హాయని మంచులో బతికినవాడికి తెలుసు. నిద్రపోకూడదు అనుకున్నాడు. చనిపోయిన భార్య పేరు లోపల్లోపలే పలుకుతూ ఉన్నాడు. కాసేపటికి ఆ పేరూ జారిపోయింది.

అప్పుడు... పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, ఒక చిన్న చప్పుడు.

టకటక... టకటక...

చలికి పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు. తన దవడ ఎప్పుడో బిగుసుకుపోయింది. తన పళ్ళు కావవి.

ఓరిన్ తల తిప్పలేదు. తిప్పడానికి ఒంట్లో శక్తి లేదు. ఉన్నా తిప్పేవాడు కాడేమో. ఆ చప్పుడు మాత్రం తనకి తోడుగా చాలాసేపు ఉంది. ఒడ్డుమీద దీపం కనబడేసరికి ఆగిపోయింది.

"ఓరిన్! నువ్వేనా? కళ్ళు మూసుకోకు, నావైపు చూడు."

ఆడగొంతు. డెల్ భార్య మార్వా. వెనక డెల్, భుజాన తాడు, చేతిలో కత్తి. డెల్ ఏడుస్తున్నాడు. తాడు ఒక కొస నడుముకి కట్టుకుని, రెండో కొస ఆమె చేతికిచ్చి మడుగులో దిగాడు... జన్మలో దిగనన్నవాడు. భుజం మునిగేదాకా చెయ్యి నీళ్ళలో పెట్టి, తడిమి, బూటు తాళ్ళు కోశాడు. కాలు ఊడివచ్చింది. బూటు బండల మధ్యే ఉండిపోయింది.

వాళ్ళ బండిలో హీటరు పూర్తిగా పెట్టి, తడిబట్టలు విప్పి, ఉన్న కంబళ్ళన్నీ కప్పారు. ఓరిన్ మధ్యలో కూర్చున్నాడు. పోయిన వణుకు తిరిగొచ్చింది. అది మంచి గుర్తేనంది మార్వా. డెల్ ఆసుపత్రివైపు బండి తోలుతూ దారంతా తన్ను తాను తిట్టుకున్నాడు.

"తిట్టుకున్నది చాల్లే, రోడ్డు చూడు," అంది మార్వా. ఆమె బడి బస్సు నడుపుతుంది. ఎవరి మాటా ఒకంతట నమ్మే మనిషి కాదు. ఓరిన్ చేతులు తన చంకల్లో పెట్టుకుని వెచ్చబరుస్తూ, అతన్ని మెలకువగా ఉంచడానికి మాట్లాడుతూనే ఉంది.

"నిన్ను బతికించింది ఎవరనుకున్నావు? నీ కథే. ఈయన ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా, హోల్‌కమ్‌ని చూశానన్నాడు. నోట్లోంచి చుట్ట పొగ వచ్చిందన్నాడు. ఓరిన్ వాసన కూడా వచ్చిందనేవాడుగా, మరి నీకొచ్చిందా అని అడిగాను. ఆలోచించి, లేదు, రాలేదన్నాడు. వాసన లేకపోతే అది పొగ కాదు, ఊపిరి. అక్కడ బతికున్న మనిషి నిలబడ్డాడు, పద అన్నాను."

ఓరిన్ వణుకు ఒక్కసారి ఆగింది.

కంబళి కింద నుంచి బయటికొచ్చిన కుడికాలు చూసుకున్నాడు. ఎడమ బూటు ఉంది. దీనికి లేదు, నిరుడు దొరికిన శవానికి లేనట్టే.

"ఏమైంది? ఓరిన్, మాట్లాడు," అంది మార్వా.



"వాసన... నాకూ రాలేదు, మార్వా. అది నేను కలిపాను."

డెల్ వేగం తగ్గించాడు. వంతెన దాటుతున్నారు. నిరుడు ఆ పంతులు కారు ఆగిన చోటు పక్కనుంచి దీపాల వెలుతురు జారిపోయింది.

"చెయ్యెత్తింది మాత్రం నిజం," అన్నాడు ఓరిన్.