బ్రేకు వెయ్యని కారు

“కాలిస్తే నీ ఉద్యోగం పోతాది” అన్నాడు చీఫ్ ఆదిమూలం, బల్ల మీదికి ఫోటో తోస్తూ. “వాణ్ని ప్రాణంతో పట్టుకోని రావల్ల.”

ఏజెంట్ భానుచందర్ ఫోటో చూశాడు. డియెగో. విదేశీ గూఢచారి ముఠాకు డ్రైవరు. మూడేళ్ళ క్రితం చిత్తూరు ఊరి మొదట్లో, స్కూటీ మీద బడికి పోతున్న టీచరమ్మను గుద్ది ఆగకుండా పోయినవాడు. ఆ టీచరమ్మ భాను చెల్లెలు లోహిత. అప్పుడక్కడ కెమెరా లేదు. వీడేనని తెలిసినా రుజువు లేక కేసు మూలపడింది. వీడు దొరకాలని భాను మొక్కని దేవుడు లేడు.

“మన దగ్గర కొట్టేసిన రాడార్ చిప్ వాని కార్లో ఉండాది. తిరుపతి నుంచి బెంగుళూరు ఎయిర్‌పోర్టుకు పోతాడు. యా కారో తెలీదు. పదకొండు నుంచి పది నిమిషాలు చిత్తూరు స్పీడ్ కెమెరాను ఆపేస్తారంట. ఆలోపల దాటిపోతాడు.”

“ఎవరు చెప్పినారు సార్?”

“కెమెరాల కంట్రోల్ రూమ్‌లో పనిచేసే రాజశ్రీ. ఆపే కోడ్ వాళ్ళకు అమ్మిందీ ఆమే.”

“ఆ డబుల్ ఏజెంట్‌నా నేను నమ్మాల్సింది?”

“నమ్మొద్దులే. వాడుకో.”

పదకొండింటికి కెమెరా స్తంభం దాటాక కొబ్బరి బోండాల బండి వెలిసింది. బండి వెనక భాను: లుంగీ, తలకు తువ్వాలు, చేతిలో కత్తి. బోండాల కింద పిస్టల్, ఒక తాడు. తాడు లాగితే రోడ్డు మీదికి ముళ్ళ పట్టీ వస్తుంది.

“కోడ్ కొట్టినారు” చెవిలోని ఇయర్‌ఫోన్‌లో రాజశ్రీ గొంతు తియ్యగా పలికింది. “వాళ్ళ స్క్రీన్ మీద కెమెరా ఆఫ్ అయింది.”

“యా కారు?”

“అది నాకు యాడ చెప్తారు సార్?”

బస్సు వచ్చింది. టమాటా లారీ వచ్చింది. కాణిపాకంలో పూజ చేయించుకున్న కొత్త కారు దండతో సహా వచ్చింది. భానుకు ఒళ్ళు మండిపోతోంది. ఎంత తొందరలో ఉన్న బండైనా స్తంభం కనబడగానే బ్రేకు కొట్టి, నలభైలో బుద్ధిగా పోతోంది. చలాన్లు తిని తిని జనానికి అలవాటైపోయింది.

అప్పుడు వెలిగింది అతనికి. కెమెరా ఆపేశారని ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిసినవాడొక్కడే బ్రేకు వెయ్యడు.

పదకొండూ తొమ్మిది. బూడిదరంగు కారు దూసుకొచ్చింది. స్తంభం దగ్గర వేగం ఇసుమంతైనా తగ్గలేదు.

తాడు లాగాడు. టైర్లు పేలాయి. కారు గిర్రున తిరిగి, పొద్దున భాను పేర్పించిన ఇసుక బస్తాల్లో కూరుకుపోయింది. వెనక బండ్లన్నీ నిదానంగా వస్తున్నాయి గనక ఒక్కటీ గుద్దుకోలేదు.

భాను డియెగోను కాలరు పట్టి బయటికి ఈడ్చి, నుదుటికి పిస్టల్ ఆనించాడు. చిప్ పెట్టె సీటు కింద దొరికింది.

“మూడేండ్ల కింద ఈడనే ఒక ఆడబిడ్డను చంపితివి. గుర్తుండాదా?”

డియెగో నవ్వాడు. “ప్రూఫ్ లేదు. అప్పుడూ లేదు. ఇప్పుడూ కెమెరా డెడ్.”

భాను వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. కాల్చెయ్యాలనే ఉంది. ఉద్యోగం పోతే పోనీ.

“సార్, ఆగండి!” రాజశ్రీ అరిచింది. “నేను అమ్మింది దొంగ కోడ్. వాళ్ళ స్క్రీన్ మీదనే అది ఆఫ్. స్తంభం మీద బతికే ఉండాది. వాని మొగం, స్పీడు నూట ఇరవై రెండు, అన్నీ పడినాయి.”

భాను ఊపిరి పీల్చుకుని పిస్టల్ దించాడు.

“ఆ పొద్దు ఈడ కెమెరా లేదురా. ఈ పొద్దు ఉండాది. దాన్ని చూసి ఎంతోమంది ఇంటికి క్షేమంగా పోతాండారు. నువ్వొక్కడివే జైలుకు పోతావు.”

అని చెంప ఛెళ్ళుమనిపించాడు. కాల్చొద్దన్నారు గానీ కొట్టొద్దనలేదు.

డియెగో లోహిత సంగతి కూడా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు కాగితం మీద వాడు సంతకం పెట్టిన రోజే భాను ఫోనుకు చలానా వచ్చింది. ఖైదీని తిరుపతికి తీసుకుపోతూ తొంభై నాలుగులో నడిపాడట. ఫోటోలో భాను నవ్వుతున్నాడు, మూడేళ్ళలో మొదటిసారి. కింద రాజశ్రీ మెసేజ్: “నా కెమెరాకు చుట్టరికాల్లేవు సార్.”