పరుపుకు రెండో వైపు

ఆసుపత్రి లాండ్రీలో అందరూ ఆమెను సబ్బుబిళ్ల అనేవాళ్లు. రక్తం మరకలు, చీము మరకలు, అంతకంటే చెప్పుకోలేని మరకలు రాత్రంతా ఉతికేది. ఆ తర్వాత మోచేతుల దాకా రెండుసార్లు రుద్దుకుంటే గానీ టీ గ్లాసు ముట్టేది కాదు. దుప్పటి విప్పి చూస్తే చాలు, దాని మీద మనిషి ఎటు తిరిగి పడుకున్నాడో, ఎక్కడ నోరు తెరిచి నిద్రపోయాడో చెప్పేసేది. ఇంత విద్య నేర్చి ఏం బావుకున్నావే అని తోటివాళ్లు ఏడిపించేవారు.

మొగుడు పోయాక ఆమె, ఐదేళ్ల కూతురు పిట్టా ఆమె అన్నయ్య ఇంట్లో ఉంటున్నారు. ఆ ఇల్లు నగరానికి రెండు బస్సుల దూరం. పొద్దున డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి పిట్ట బడికి వెళ్లిపోయేది. అది తిరిగొచ్చి కాసేపు ఒళ్లో కూర్చుందో లేదో, ఈమె మళ్లీ బస్సుకు పరుగెత్తాలి. కునుకులో స్టాపు దాటిపోయి రెండుసార్లు డ్యూటీకి ఆలస్యమైంది. ఇంకోసారి అయితే మనిషిని మార్చుకుంటామని సూపర్‌వైజరు చెప్పేశాడు. వదిన నోటితో ఏమీ అనేది కాదు. పిట్ట తిన్న కంచం కడిగేటప్పుడు మాత్రం గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువగా వినిపించేది.

అందుకని నగరానికి దగ్గర్లో గది కోసం తిరిగింది. ఒకచోట పొయ్యి పక్కనే పాయిఖానా, మధ్యన గోనె పరదా. ఇంకోచోట గోడంతా చెమ్మ, వేలు పెడితే సున్నం ఊడి చేతికొచ్చింది. మరోచోట గది బాగుంది గానీ ఇంటాయన చూపు బాగాలేదు. మనిషన్నవాడు ఉండదగ్గ గది కనిపిస్తే దాని అద్దె విని నవ్వొచ్చేది. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి అనుకునే దాకా వచ్చాక, ఆసుపత్రికి నడిచిపోయేంత దూరంలో ఒక మంచం దొరికింది. గది కాదు, మంచం. అదీ సగం.

పగలంతా మంచం ఈమెది, రాత్రంతా ఇంకొకావిడది. అక్కడ చాలా ఇళ్లలో అదే పద్ధతి. ఇంటావిడ నెమ్మదిగా మాట్లాడే పెద్దమనిషి, కుడిచేత్తో ఎప్పుడూ మోకాలు నిమురుకుంటూ ఉండేది. రాత్రి మనిషి చాలా నెమ్మదస్తురాలని, ఒకరికొకరు ఎదురే పడరని చెప్పింది. పరుపు చూపించింది. ఒకవైపు నీలం చారలు, రెండోవైపు ఎర్ర చారలు.

“నీలం నీది, ఎరుపు ఆవిడది. నువ్వు లేవగానే తిరగెయ్యాలమ్మా. ఆవిడ లేవగానే ఆవిడ తిరగేస్తుంది. ఆ ఒక్కటీ మర్చిపోకు.”

నెలాఖరుకు ఆవిడ ఖాళీ చేస్తుందని, అప్పుడు మంచం మొత్తం నీదేనని, పాపను తెచ్చుకోమని కూడా అంది. సబ్బుబిళ్లకు ఆ మాటే చెవికెక్కింది. మిగతావి ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది.

మొదటి పొద్దున వచ్చేసరికి నీలం చారలు పైకి ఉన్నాయి. ఉతికిన దుప్పటి పరిచి పడుకుంది. పరుపు వెచ్చగా ఉంది. ఇప్పుడే లేచి వెళ్లింది కాబోలు అనుకుంది. మధ్యాహ్నం మెలకువ వచ్చినప్పుడూ వెచ్చగానే ఉంది. అది తన ఒంటి వేడి కాదు. నడుం కింద నుంచి, మెడ కింద నుంచి, లోపల్నుంచి వస్తున్న వేడి. దానితోపాటు ఒక వాసన. తడి బట్టలు బకెట్లో నాలుగు రోజులు మర్చిపోతే వచ్చే పులుపు, దాని వెనకాల నిద్ర లేచిన నోటి కంపు.

సాయంత్రం పరుపు తిరగేసి చూసి ముక్కు మూసుకుంది. ఎర్ర చారల మీద నిలువెత్తు జిడ్డు మరక. భుజాలు, నడుం, మడమలు. లాండ్రీలో ఇలాంటివి కొన్ని వందలు చూసింది కనుక చూడగానే తెలిసిపోయింది. ఆ మనిషి బోర్లా పడుకుంటుంది, మొహం పరుపులోకి నొక్కుకుని. తల ఉండాల్సిన చోట గుండ్రంగా తడి. నోటి చొంగ. అది ఇంకా ఆరలేదు. నిన్న రాత్రి కార్చింది సాయంత్రం దాకా ఎలా ఆరదో ఆమెకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపికా లేదు. చేతులు రుద్దుకుని డ్యూటీకి పోయింది.

ఆ తర్వాత మింగలేక కక్కలేక రోజులు గడిచాయి. గదిలో ఆవిడది ఒక దువ్వెన లేదు, చెప్పుల జత లేదు. ఉన్నదల్లా ఆ మరక. ఒక మధ్యాహ్నం పరుపు కుట్టులోంచి వెంట్రుక పైకొచ్చి చెంపకు తగిలింది. అసహ్యంతో రెండు వేళ్ల కొసలతో పట్టుకుని లాగింది. వచ్చింది. ఇంకా వచ్చింది. మూరెడు వచ్చాక బిగుసుకుంది. తర్వాత, మెల్లగా, అటునుంచి ఎవరో లాక్కున్నట్టు వేళ్ల మధ్య నుంచి జారి కుట్టులోకి వెళ్లిపోయింది. సబ్బుబిళ్ల పెరట్లోకి పరుగెత్తి, తిన్నదంతా కక్కింది.

ఆ రోజే మూట కట్టుకుని వెళ్లిపోవాల్సింది. కానీ ఎక్కడికి? శనివారం ఇంటికి వెళ్లినప్పుడు పిట్ట ఆమె కొంగు వేలికి చుట్టుకుని నిద్రపోయింది, పొద్దున అమ్మ లేచి ఎక్కడికీ వెళ్లిపోకుండా. ఆ ముడి విప్పుకుని రావడం కంటే ఒక మురికి పరుపు మీద పడుకోవడం నయమనిపించింది. చొంగకు చచ్చిపోయినవాళ్లు లేరని తనకు తానే చెప్పుకుంది.

నెలాఖరుకు ఇంటావిడ రాత్రి మనిషి ఖాళీ చేసిందని చెప్పింది. సబ్బుబిళ్ల సూపర్‌వైజరు కాళ్లావేళ్లా పడి పగటి డ్యూటీకి మారింది. ఎర్ర చారల వైపు మరిగే నీళ్లు పోసి, బట్టల సోడా చల్లి, చేతులు మండేదాకా బ్రష్షుతో రుద్దింది. డాబా మీద గట్టి ఎండలో ఆరబెట్టింది. మరక పోయింది. వాసన పోయింది. నీలం వైపు పైకి వేసి, కొత్త దుప్పటి పరిచి, పిట్టను తెచ్చుకుంది.

ఇంటావిడ గుమ్మంలో నిలబడి మోకాలు నిమురుకుంటూ, పరుపు మాత్రం పొద్దునా సాయంత్రం తిరగేస్తూ ఉండమంది. ఇంకెవరి కోసం పిన్నిగారూ అని సబ్బుబిళ్ల నవ్వింది. ఇంటావిడ నవ్వలేదు.

ఆ రాత్రి పిట్ట గోడవైపు, ఆమె ఇటువైపు పడుకున్నారు. దీపం ఆర్పాక పిట్ట కాసేపు బడి కబుర్లు చెప్పింది. కొంగు వేలికి చుట్టుకుంది. నిద్రపోయింది. బయట దూరంగా ఎవరిదో బండి స్టార్టవక మొరాయించి, ఆఖరికి కదిలి వెళ్లిపోయింది. ఇన్నాళ్లకు కూతురి పక్కన, సొంత మంచం మీద... సబ్బుబిళ్లకు కళ్లు చెమ్మగిల్లాయి. అలాగే కునుకు పట్టింది.

వెచ్చదనానికి మెలకువ వచ్చింది.

నడుం కింద. తర్వాత వీపు కింద. పరుపు మెల్లగా ఉబ్బుతోంది... అణుగుతోంది. మళ్లీ ఉబ్బుతోంది. ఆమె ఊపిరి బిగబట్టింది. పరుపు బిగబట్టలేదు. ఆ పులిసిన వాసన ముక్కులోకి ఎక్కింది. మెడ కింద ఏదో తడిగా, జిగటగా అంటుకుంది. ఒళ్లంతా అసహ్యంతో ముడుచుకుపోయింది... కానీ కదల్లేకపోయింది. సరిగ్గా ఆమె మెడ కింద, దూది అవతల, ఒక నోరు తెరుచుకుంది.

“లే...” అంది. తడి గొంతు. బట్ట నోట్లో కుక్కుకుని మాట్లాడినట్టు. “నా వంతు...”

పిట్ట గుసగుసగా, నిద్రలోనే అంది.

“అమ్మా... ఆవిడ నన్ను కిందికి రమ్మంటోంది.”

పిల్ల గొంతు పక్కనుంచి రాలేదు. కాస్త కిందనుంచి వచ్చింది.

సబ్బుబిళ్ల చెయ్యి చాపింది. గోడ తగిలింది. కొంగు లాగింది... అది పరుపుకూ గోడకూ మధ్య సందులోకి బిగుసుకుని ఉంది. అటు చివర బరువు. ఆ సందులోకి భుజం దాకా చెయ్యి దూర్చింది. జిడ్డు. వెంట్రుకలు. ఇంకేదో మెత్తగా, చర్మంలా, చేతిని రాసుకుంటూ తప్పుకుంది. చిన్న మణికట్టు అందింది. పట్టుకుని లాగింది. ఇంకా లాగింది. పిల్ల ఊడి వచ్చింది.

దీపం వేసింది. పిట్ట కళ్లు మూసుకునే ఉంది, ఊపిరి ఆడుతోంది. జుట్టంతా మొహానికి అంటుకుని, ఒళ్లంతా ఎవరిదో చొంగ. ఒక చేత్తో పిల్లను ఎత్తుకుని, రెండో చేత్తో పరుపు లేపి తిరగేసింది. ఎర్ర చారల మీద మరక మళ్లీ వచ్చింది. ఈసారి ఒక్కటి కాదు. పెద్ద మరక చంకలో ఒదిగి, మోకాళ్లు ముడుచుకుని, చిన్న మరక ఒకటి. రెండూ పొగలు కక్కుతున్నాయి.

గుమ్మంలో ఇంటావిడ నిలబడి ఉంది. ఏమైందని అడగలేదు.

“తిరగెయ్యలేదు కదూ,” అంది.

సామాన్లు కూడా తీసుకోకుండా పిల్లతో రోడ్డున పడింది. బస్టాండు కుళాయి కింద పిట్టను మూడుసార్లు తోమింది. మొదటి బస్సు, రెండో బస్సు. ఈసారి కన్ను మూయలేదు. వదిన తలుపు తీసి, తడి జుట్టుతో ఉన్న పిల్లనూ ఈమె మొహాన్నీ చూసి, పక్కకు తప్పుకుంది. ఆ రాత్రి తన చేతులతోనే అన్నం కలిపి ఇద్దరికీ పెట్టింది. గిన్నెల చప్పుడు చెయ్యలేదు. ముందుగదిలో పాత చాప పరిచి, పడుకోమని చెప్పి, దీపం తగ్గించి వెళ్లింది.

సబ్బుబిళ్ల మరోసారి చేతులు కడుక్కుని వచ్చింది. ఆ చాప ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. దానికి రెండో వైపంటూ ఏమీ లేదు, కింద ఉన్నది చల్లటి గచ్చు. ఉద్యోగం పోతే పోనీ, పిల్ల దక్కింది అనుకుంది. గుండె కుదుటపడింది.

పిట్ట చాప పక్కన గొంతుక్కూర్చుని ఉంది. తల్లి రాగానే చాప పట్టుకుని జాగ్రత్తగా తిరగేసింది. ముడతలు లేకుండా సర్దింది.

“ఎందుకే?” అంది సబ్బుబిళ్ల.

“పైన వంతు అయిపోయిందిగా, మనది,” అంది పిట్ట గుసగుసగా. చాప అంచు పైకెత్తి, తల్లి కిందికి దూరడానికి వీలుగా పట్టుకుంది. “తొందరగా రా అమ్మా. ఆవిడకి నిద్రొస్తోంది.”