సాంచా ఆపొద్దన్నదెవరు

పొద్దున ఏడున్నరకు కోసాడ్ ఆవాస్ బిల్డింగుల్లో నీళ్ల బిందెల చప్పుడు మొదలైంది. మూడో అంతస్తులో ఊర్మిళ రొట్టెలు కాలుస్తోంది. కూతురు రుచిత కాలేజీకి తయారై జడ వేసుకుంటోంది. సోమలింగం మాత్రం చాయ్ ముట్టుకోలేదు. సాంచాల కార్ఖానాలో, బట్ట నేసే మరమగ్గాల మధ్య, నలభై మంది మీద కేకలేసే మాస్టర్, ఒక్క ఇంగ్లీషు కాగితం ముందు ముడుచుకుని కూర్చున్నాడు.

"బిడ్డా, గిది జర సదివి చెప్పు. ఎనిమిదింటికి ఓంప్రకాష్ కిందికొచ్చి తీసుకపోతడట. సంతకం పెడితే అయిపాయె."

ఓంప్రకాష్, కార్ఖానా యజమాని సేఠ్ దగ్గర పనిచేసే మనిషి. నాలుగు రోజుల కింద కార్ఖానాలో పరమేశ్ కుడిచేయి సాంచాలో పడి మూడు వేళ్లు తెగిపోయాయి. పరమేశ్ ఊర్మిళకు చిన్నమ్మ కొడుకు. సిరిసిల్ల పక్క పల్లె నుంచి సోమలింగమే వెంట తెచ్చి పనిలో పెట్టించాడు. అక్కడ తీరే అంత. మనిషిని తెచ్చినవాడే ఆ మనిషి గురించి జవాబు చెప్పాలి.

రుచిత మొదటి రెండు వరుసలు గడగడా చదివింది. మూడో వరుస దగ్గర ఆగిపోయింది.

"ఏంది, ఆగినవ్?"

"ఇక్కడ 'యాజ్ ఎ మ్యాటర్ ఆఫ్ ఫ్యాక్ట్' అని మొదలువెట్టిండ్రు బాపు."

"అది ఇంగ్లీషు కాగితాలల్ల ఉంటది గదా! సలాం కొట్టినట్టు. బస్, ఫార్మాలిటీ అన్నడు ఓంప్రకాష్."

"సలాం కాదు. 'మీరంతా ఇంకోటి అనుకుంటున్నరు, అసలు సంగతి ఇదీ' అనేటప్పుడు వాడుతరు. నేను నిద్రపోతున్న అనుకొని అమ్మ తిడితే, 'లేదమ్మా, నిజానికి సదువుకుంటున్న' అంట సూడు, అట్ల. ఎదుటోళ్లు అనుకునేది తప్పు, నేను చెప్పేదే నిజమని గట్టిగ నిలబడుడు అన్నట్టు."

"ఎవలు అనుకునేది తప్పు?"

రుచిత గొంతు తగ్గింది. "ఆపమని ఎవలూ అనలేదని పరమేశ్ మామ అనేది. 'నిజానికి సాంచా ఆపమని నేను చెప్పిన, అయినా ఇనకుండ చెయ్యి పెట్టిండు.' ఇది నువ్వు చెప్పినట్టే రాసిండ్రు బాపు. నీ పేరు మీద."

ఊర్మిళ పొయ్యి దగ్గర నుంచి గిరుక్కున తిరిగింది.

"సదివింది సాలు, కలం ఇయ్యే మీ బాపుకు! పెట్టయ్యా సంతకం. పెట్టకుంటే రేపట్నుంచి ఏ సేఠ్ నిన్ను గేటు దాటనిస్తడు? దీని సదువు సగంల ఉన్నది."

"మామ నీ తమ్ముడే కదనే!"

"నాకు ఎరుక లేదా? సంకనెత్తుకొని పెంచిన. వాని వేళ్లు పోయినయ్, మల్ల రావు. ఇప్పుడు మన ఇల్లు గూడ పోవాల్నా?"

రుచిత తండ్రి ముందు కూర్చుంది. "బాపూ, నువ్వు నిజంగ ఆపమన్నవా?"

పోగు తెగితే సాంచా ఆపి ముడెయ్యాలి. కానీ ఆపినంతసేపూ బట్ట రాదు, మీటర్ల లెక్కన వచ్చే కూలీ పడదు. అందుకే ఆడుతున్న సాంచాలోనే ముడెయ్యడం అక్కడ పనితనం. సోమలింగం అట్లాగే నేర్చుకున్నాడు, నలభై మందికీ అదే నేర్పాడు.

తలుపు చప్పుడైంది. ఊర్మిళ చటుక్కున కాగితాన్ని పీట కిందికి తోసింది. వచ్చింది ఎదురు బిల్డింగులో ఉండే పద్మారాణి, పరమేశ్ భార్య. కళ్లు గుంటలు పడ్డాయి.

"అన్నా, ఒక్కమాట అడిగి రమ్మన్నడు ఆయన. నిన్న ఓంప్రకాష్ వచ్చి, ఆపమన్నా ఇనలేదని మీ బావే రాసిస్తుండు అన్నడు. గప్పట్నుంచి ముద్ద ముడుతలేడు. 'బావ అబద్ధమాడడు. ఆపమనే ఉంటడు, నేనే యాది మర్సిన. నా చెయ్యి నేనే తెంపుకున్న' అని గోడకు తలకాయ కొట్టుకుంటుండు. అన్నా, ఆయన తప్పేనా?"

కింద ఓంప్రకాష్ బండి హారన్ మోగింది. నలుగురూ ఉలిక్కిపడ్డారు. ఊర్మిళ భర్త మొహం కేసి చూసింది. ఆ చూపులో బతిమాలుకోవడమే ఉంది. హారన్ మళ్లీ మోగింది.

"కాదు పద్మా. ఆపొద్దన్నది నేనే. అవతలి సాంచా కాడ నిలబడి, 'ఆపితే ఏం పనోనివిరా' అని తిట్టింది నేనే."

పద్మారాణి గోడకు చేరగిలబడింది. తిడుతుందేమోనని సోమలింగం తల దించుకున్నాడు. ఆమె తిట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఇదే మాట ఆయనకు చెప్పు అన్నా. నేను చెప్తే నమ్మడు."

ఊర్మిళ పీట కింది నుంచి కాగితం తీసింది. చించుతుందా, భర్త చేతిలో పెడుతుందా అని రుచిత ఆమె చేతుల వైపే చూసింది. ఊర్మిళ దాన్ని రెండు ముక్కలు చేసి, ఏడుస్తూనే అన్నది:

"నాకు శాన భయమైతందయ్యా."

"నాకూ అయితంది."

"ముందు వాని కాడికి పోదాం. పని సంగతి తర్వాత."

నలుగురూ మెట్లు దిగారు. బండి మీద కూర్చున్న ఓంప్రకాష్ చెయ్యి చాచాడు. "కాగజ్?"

"సంతకం పెట్టలే. జరిగింది జరిగినట్టు నేనే వచ్చి సేఠ్‌కు నోటితోని చెప్త," అన్నాడు సోమలింగం. ఆగకుండా ఎదురు బిల్డింగు మెట్లెక్కాడు, పై అంతస్తు చేరకముందే "బామ్మర్దీ!" అని గొంతెత్తి పిలుస్తూ.